బొట్టు పెట్టి పిలిచిన చికెన్ షాపు

పదిహేనేళ్ళు లెక్కలు చెప్పిన స్కూలును నేను ఒక్క పూటలో వదిలేశాను. కారణం చాలా చిన్నది. అమలాపురంలో ప్రైవేటు స్కూళ్ళు వీధికి రెండు చొప్పున పుట్టుకొస్తున్న రోజులవి. వేసవి సెలవుల్లో టీచర్లందరూ కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరగాలనీ, మీ పిల్లల్ని మా స్కూల్లో చేర్పించండని అడగాలనీ మా కరస్పాండెంట్ గారు కొత్త నియమం పెట్టారు. మిగతావాళ్ళు గొడుగులు వెతుక్కున్నారు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి అసలు ఇంత కారణం కూడా అక్కర్లేదు.

"లెక్కలు చెప్పమంటే చెబుతానండి. గుమ్మం గుమ్మం ఎక్కి జనాన్ని పిలవడం నా వల్ల కాదు," అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి. మీ కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంచుతానండి. మీరే తిరిగొస్తారు," అన్నారాయన నవ్వుతూ.

ఆ నవ్వు లేకపోతే మర్నాడే తిరిగి వెళ్ళేదాన్నేమో. అది చూశాక మాత్రం, ఏమైనా సరే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. నేను దాటకముందే తగలేశాను.

మా ఆయన తాటిపాకలో గ్యాసు ప్లాంటులో చేసేవారు. నెమ్మదస్తులు. పేపర్లో ఒక ప్రకటన చూపించి, "నీ కోపానికి నువ్వు ఒకరి కింద చెయ్యలేవు. ఇదేదో చూడు," అన్నారు. హైదరాబాదులో వేయించిన చికెన్ అమ్మే కంపెనీ ఒకటి చిన్న ఊళ్ళలో ఫ్రాంచైజీలు ఇస్తోందట. బోర్డు వాళ్ళది, నూనె మరిగించే యంత్రాలు వాళ్ళవి, మసాలా పట్టించి గడ్డకట్టించిన కోడి వాళ్ళది. షాపు మనది, బాధ మనది. దాచుకున్నదంతా తీసి పెట్టాం. మొదటి ఏడాది అమ్మకాలు బాగుంటే సరే, లేకపోతే వచ్చే జూన్‌లో బోర్డు పీకేసి యంత్రాలు పట్టుకుపోతారు. జూన్ అంటే స్కూళ్ళు తెరిచే నెల. ఆ సంగతి నాకు ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు.

ట్రైనింగ్‌కి హైదరాబాదు వెళ్ళాను. నా శిష్యుల వయసున్న కుర్రాడు టై కట్టుకుని నాకు పాఠం చెప్పాడు. వచ్చినవాళ్ళు తామే కౌంటరు దగ్గరికి వస్తారు, ముందే డబ్బు కట్టేస్తారు, తామే ట్రే మోసుకెళ్ళి తింటారు, తామే ఎంగిలి ప్లేటు తీసుకెళ్ళి డబ్బాలో పడేస్తారు.

"వచ్చినవాళ్ళ చేత ఎంగిలి ప్లేటు తీయిస్తామా?" అని అడిగాను.

"అదే సిస్టమ్ మేడమ్."

"మా ఊళ్ళో అలా చేస్తే వియ్యాలు తెగిపోతాయి బాబూ," అన్నాను. అతను దాన్ని జోకనుకుని నవ్వాడు.

కంపెనీవాళ్ళు కార్తీకమాసంలో షాపు తెరవమన్నారు. కోనసీమలో కార్తీకంలో కోడి షాపు తెరిస్తే దీవించడానికి కోళ్ళు తప్ప ఎవరూ రారని ఫోన్లో అరిచి, నెలాఖరు దాటేదాకా ఆపించాను. తర్వాత బస్టాండులో పంచమని కట్టలకొద్దీ కరపత్రాలు పంపారు. కరపత్రమంటేనే నాకు ఒళ్ళు మంట. వాటిని అటక మీద పడేసి, కుంకుమభరిణె తీసుకుని, తెలిసిన ప్రతి ఇంటికీ వెళ్ళి బొట్టు పెట్టి మరీ పిలిచాను. క్రైస్తవుల ఇళ్ళలో బొట్టు లేకుండా నోటితో పిలిచాను. పదిహేనేళ్ళు పిల్లలకు చదువు చెప్పినదాన్ని కదా, ఊళ్ళో తెలియని ఇల్లు లేదు. సొంత శుభకార్యానికి పిలవడం వేరు, గిరాకీ కోసం తిరగడం వేరు అని నా లెక్క. లెక్కల టీచర్‌ని కదా, నా లెక్క తప్పదనుకున్నాను.

జనం విరగబడి వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, పిల్లలకు తలలు దువ్వి, రంగుకాగితాలు చుట్టిన డబ్బాలు పట్టుకుని వచ్చారు. సాయంత్రానికి గోడ గడియారాలు ఒక వరస, స్టీలు మరచెంబులు ఒక వరస పోగయ్యాయి. ఒక్కరూ కౌంటరు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా కుర్చీల్లో కూర్చుని వడ్డన కోసం చూశారు. బొట్టు పెట్టి పిలిచినవాళ్ళను లైన్లో నిలబడమనే నోరు నాకు లేదు. నేనే ట్రేలు మోశాను. "అయ్యో, ఒక్క ముక్కతో సరిపెడతారా, ఇంకోటి వేయించుకోండి," అంటూ టేబులు టేబులుకూ తిరిగాను. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళ చేతుల్లో జాకెట్టు ముక్క, అరటిపళ్ళు పెట్టాను. ప్రారంభం చూసుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఆ టై కుర్రాడు నా వెనకాలే తిరుగుతూ, "మేడమ్, బిల్లింగ్ ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి అతని చేతిలోనూ వాళ్ళ అమ్మగారి కోసమని ఒక జాకెట్టు ముక్క పెట్టి బస్సెక్కించాను. మా ఇంటి మొత్తానికి మా అత్తయ్యగారు ఒక్కరే రాలేదు. కాలు నొప్పన్నారు.

మర్నాటి నుంచి షాపులో ఈగ వాలలేదు.

తినేవాళ్ళు లేని చోట ఆ ఏసీ చల్లదనం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నేను, టోపీలు పెట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు, గోడ నిండా గడియారాలు. రోడ్డు మీద కనబడ్డవాళ్ళు మాత్రం ఆగి మరీ పలకరించేవారు.

"టీచర్ గారూ, మొన్న మీ ఫంక్షను చాలా బాగా చేసేరండీ. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నామండి. ఆయ్."

"మళ్ళీ రండి మరి."

"అయ్యో, ఎంత మాటండీ, తప్పకుండా," అని వెళ్ళిపోయేవారు. వచ్చేవారు కాదు.

ఎప్పుడైనా ఒకరిద్దరు చూసిపోదామని లోపలికి వస్తే, అమ్మాయిలు కంపెనీ నేర్పినట్టు, "ఏం తీసుకుంటారు సార్?" అనేవారు. "ఏమీ వద్దండి, ఇప్పుడే భోంచేసేం," అనేవాడు ఆ వచ్చినాయన. "థాంక్యూ సార్," అని అమ్మాయిలు ఊరుకునేవారు. ఆయన కాసేపు నిలబడి, అద్దంలోంచి కోడిముక్కల్ని చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. మా వైపు మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం అలవాటు. మూడోసారి అడిగితే, "మీరింతలా అంటున్నారు కాబట్టి," అని కూర్చుంటారు. ట్రైనింగ్‌లో ఇచ్చిన కంపెనీ పుస్తకంలో ఒక్కసారే అడగమని ఉంది.

ఒకరోజు వంటింట్లో నా కోపమంతా గిన్నెల మీద చూపిస్తుంటే, కొబ్బరి కోరుతున్న మా అత్తయ్యగారు తల ఎత్తకుండానే, "పిలిస్తే కదమ్మా వస్తారు," అన్నారు.

"ఊరంతా పిలిచేను కదండీ!"

"అది ఆ రోజుకి. పెళ్ళికి పిలిచేరని రోజూ వచ్చి తింటారేంటి, సిగ్గుండొద్దూ?"

"అది హోటలండీ అత్తయ్యగారూ!"

"హోటళ్ళు ఊళ్ళో బోల్డున్నాయి. వాటికి బొట్టు పెట్టి ఎవరూ పిలవలేదు, అందుకని మొహమాటం లేకుండా వెళ్తున్నారు. నువ్వు పిలిచేవు, పళ్ళెం అందించేవు, జాకెట్టు ముక్క పెట్టేవు. ఇంక అది హోటలెలా అవుద్ది? పిలవని పేరంటానికి ఎవరొస్తారు?" కొబ్బరిచిప్ప పక్కన పెట్టి, అప్పుడు నా వైపు చూశారు. "ఊరందరి సంగతెందుకు? ఇంట్లో ఉన్నదాన్ని, నన్నెవరు పిలిచేరు?"

"కాలు నొప్పన్నారు కదండీ?"

"మరేమనాలి? మా కోడలు నన్ను పిలవలేదనాలా?"

చేతులు కడుక్కుని, భరిణె తెచ్చి, అక్కడే ఆవిడకు బొట్టు పెట్టి పిలిచాను. మర్నాడు ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, రెండు ముక్కలు తిని, "కోడి మంచిదే. కారం లేదు," అని తీర్పు చెప్పారు. ఆ రోజు నుంచి తలుపు పక్క కుర్చీ ఆవిడదే.

ఇంక చేసేదేముంది? గుమ్మాలు ఎక్కనని ఉద్యోగం వదిలేసినదాన్ని, రోజూ పొద్దున్నే భరిణె పట్టుకుని గుమ్మాలు ఎక్కడం మొదలుపెట్టాను. "రేపు సాయంత్రం పిల్లలతో వచ్చి, మా షాపులో చికెన్ తిని వెళ్ళాలండి," అనేదాన్ని. వచ్చేవారు! నిజంగానే వచ్చేవారు. అమ్మాయిలకు మూడుసార్లు అడగడం నేర్పాను. టేబుళ్ళు నిండాయి. కానీ బిల్లు చేతికివ్వబోతే ఇటు నా ప్రాణం చచ్చిపోయేది, అటు వాళ్ళ మొహం మాడిపోయేది. దానికి వాళ్ళే ఒక దారి కనిపెట్టారు. తిన్నాక చెయ్యి కడుక్కుని, జేబులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టేవారు. లోపల నూట పదహార్లు. ఇద్దరు తిన్నా అంతే, మేనత్తల్నీ మేనమామల్నీ వెంటబెట్టుకొచ్చి తిన్నా అంతే. కవరు వాళ్ళ ముందు విప్పకూడదు, విప్పాక ఏమీ అనకూడదు.

పైగా పిలుపుకి పిలుపు బాకీ. నా పిలుపు మీద వచ్చినవాళ్ళంతా వాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకు నన్ను పిలిచారు. కొత్తపేటలో అన్నప్రాశన, రాజోలులో ఓణీల ఫంక్షను, కాట్రేనికోనలో గృహప్రవేశం. వెళ్ళకపోతే వాళ్ళు మళ్ళీ మన షాపుకు రారు. వెళ్తే వాళ్ళు నేను తినగలిగినంత తిననిచ్చి, ఆ పైన ఇంకో రెండు గరిటెలు వేసేవారు. షాపు గోడ మీది గడియారాలన్నీ అలా ఒక్కొక్కటే బహుమతులుగా వెళ్ళిపోయాయి. నా జాకెట్లన్నీ బిగుతయ్యాయి. టై కుర్రాడు ఫోన్ చేసి, "కోడి బాగా వెళ్తోంది మేడమ్, బిల్లులే రావడం లేదు. ఇలాగైతే జూన్‌లో కష్టం," అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఎర్రటి ఎండలో ఒక ఇంటి గేటు తీయబోతే, అదే గేటు మీద ఇంకో చెయ్యి పడింది. చూద్దును కదా, మా కరస్పాండెంట్ గారు. చంకలో కరపత్రాల కట్ట. నా చేతిలో భరిణె. ఇంటావిడ మా ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే ఆయన నెమ్మదిగా అన్నారు:

"ఎలాగూ ఎండలో తిరుగుతూనే ఉన్నారు కదండీ టీచర్ గారూ. జీతం తీసుకునే తిరగొచ్చు కదండీ. కుర్చీ అలాగే ఉందండి. ఆయ్."

మజ్జిగ గొంతులో అడ్డం పడింది.

మే నెల ఆఖరు శనివారం. సోమవారం పొద్దున్నకల్లా వస్తారో రారో చెప్పమని స్కూలు నుంచి కబురొచ్చింది. ఊరంతా ఒక చుట్టు పిలవడం అయిపోయింది. రెండో చుట్టు తిరిగే ఓపిక నాకు లేదు. పిలవకపోతే ఎవరూ రారు. స్కూలుకు కట్టే నూలు చీరలు బయటికి తీసి గంజి పెట్టించాను. ఓడిపోయినందుకు కాదు, ఆ నవ్వు రోజూ చూడాలి కదా అని ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం షాపులో ఒక్క కుటుంబమే ఉంది. నా పాత శిష్యుడి అమ్మానాన్నలు. నేను పిలిస్తే వచ్చినవాళ్ళే. ఆయన చొక్కా జేబులోంచి కవరు కొస కనబడుతోంది. అంతలో మలికిపురంలో కొబ్బరికాయలు ఎక్కించుకుని వస్తున్న లారీ ఒకటి టైరు పేలి మా షాపు ఎదురుగా ఆగింది. డ్రైవరు దిగి, లుంగీ ఎగ్గట్టి, తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. కడప వైపు మనిషిలా ఉన్నాడు.

"ఏమ్మా, తినేదానికి ఏముంది? తొందరగా పెట్టు."

అమ్మాయిలిద్దరూ బిగుసుకుపోయారు. ఆ ఊళ్ళో నన్ను నువ్వన్న బయటివాడు అతనే. ఒక అమ్మాయి, "ఆవిడ మా టీచర్ గారండీ," అనబోతే కళ్ళతోనే ఆపేశాను. ధర చెప్పాను. "ఇంత చిన్న కోడికి అంతా?" అన్నాడు. ముందే కట్టాలన్నాను. గొణుగుతూ కట్టాడు. ట్రే తనే తీసుకెళ్ళాడు. ఉల్లిపాయ లేదా అన్నాడు, ఉప్పెక్కువ అన్నాడు, ఎముక దాకా నమిలి తిన్నాడు. తనే లేచి ఎంగిలి ప్లేటు డబ్బాలో పడేశాడు. కంపెనీ పుస్తకంలో రాసిన మనిషి ఉన్నాడంటే నేను అప్పటిదాకా నమ్మలేదు.

"మళ్ళీ ఈ దారినే వస్తా. ఈసారి ఉప్పు చూసుకో," అని వెళ్ళిపోయాడు.

కుర్చీలో కదలకుండా ఇదంతా చూసిన మా శిష్యుడి నాన్నగారు జేబులోని కవరును నెమ్మదిగా లోపలికి నెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఊపిరి తీసుకుని, పెద్ద నేరం చేస్తున్నవాడిలా అడిగారు.

"టీచర్ గారూ... మరేం అనుకోకండి... బిల్లు ఎంతయిందండీ?"

చెప్పాను. ఆయన లెక్క ప్రకారం కట్టి, చిల్లర తీసుకుని, "హమ్మయ్య, ఇలాగైతే ఎప్పుడు పడితే అప్పుడు రావచ్చండీ. ఆదివారం మా బావమరిదినీ తీసుకొస్తాం," అన్నారు. పిలవమని అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను కౌంటరు పట్టుకుని నిలబడి, టోపీ అమ్మాయిల ముందే కళ్ళు తుడుచుకున్నాను. తలుపు పక్కనుంచి మా అత్తయ్యగారు కోపంగా అడిగారు.

"ఎవడే వాడు? పేరూ ఊరూ లేనివాడు, నిన్ను పట్టుకుని నువ్వంటాడా? ఏమవుతాడు మనకి?"

"ఏమీ అవడండి అత్తయ్యగారూ," అన్నాను. "కస్టమరు."