మగ్గం ముందర నా ఇంజను

నవ్వండప్పా, బాగా నవ్వండి! నేను ధర్మవరం నుంచి వచ్చి హిందూపురంలో దిగినప్పటి నుంచి 'బాగుండావా' అని ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఒకటే మాట: "ఇంజను తిరిగిందా?" తిరిగింది. ఎట్ల తిరిగిందో చెప్తా గానీ, ముందు ఆ టీ ఇట్లియ్యండి. ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్తా. నా పెండ్లాం రత్న లేకుంటే, ఇంగ ఈ జన్మలో మా మామకు మొగం చూపించేవాణ్ణి కాదు.

షెడ్డులో నా పని ఇనుము చెక్కే లేతు మిషను మీదని మీకు తెలిసిందే. రైతుల ఆయిలింజన్లు రిపేరుకొస్తే షాఫ్టులు, బుష్షులు చేసిచ్చేది. పెద్దవి చేసి చేసి, అరచేతిలో పట్టేంత ఇంజను ఒకటి సొంతంగా చెయ్యాలని పిచ్చి పట్టింది. బెంగుళూరులో పాత పుస్తకాల అంగట్లో ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది, దాంట్లో ఆ ఇంజను బొమ్మలుండాయి. మా మేస్త్రీ మంచి మనిషి. "ఆదివారం షెడ్డు ఖాళీనే గదప్పా, చేసుకో పో" అని తాళం నా చేతిలో పెట్టినాడు.

సిలిండరు అయింది. పిస్టను అయింది. ఏడిపించింది మాత్రం క్యామ్‌షాఫ్టు! ఇంజను కూడా మన మాదిరే ఊపిరి తీసుకోవాల, వదలాల. దానికి రెండు వాల్వులు. ఏది ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ఈ క్యామ్‌షాఫ్టే. చూస్తే ఏముండాది? పెన్సిలంత కడ్డీ, దాని మీద కోడిగుడ్డు ఆకారంలో రెండు బుడిపెలు. వాటిని ఆకురాయితో రుద్ది రుద్ది తేవాల. వెంట్రుకంత ఎక్కువ రుద్దితే పాయె! మొదటిది అట్లనే పాయె. రెండోదాన్ని గట్టిపడాలని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే అరటికాయ మాదిరి వంగి కూర్చునింది. మూడోది... అబ్బ, ఏం కుదిరిందప్పా! తళతళ మెరుస్తాంటే తీసుకుపోయి రత్నకు చూపించినా. "బాగుండాది, చెవికి పెట్టుకునేదా?" అనింది.

ఇంతలో ధర్మవరం నుంచి మామ కబురు. 'అల్లుడు ఆదివారమంతా ఇనుముతో ఆడుకుంటాండాడంట గదా, అదేందో తెచ్చి చూపించమను' అని. ఇంజను బిగించడం అప్పుడే అయింది. ఒకసారి తిప్పి చూసుకొని పోవాల్సింది. పొగరు! నేను చేసింది తిరక్కపోవడమేంది అని సంచిలో వేసుకొని రత్నతో రైలెక్కేసినా.

పెనుకొండలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. సంచి మీద మోచెయ్యి ఆనించబోతే ఇనుము గట్టిగా తగిలింది.

"ఏముండాదప్పా దీంట్లో?"

"ఇంజను."

ఆయప్ప నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సంచిలో ఇంజను పెట్టుకొని మళ్లా రైలెందుకెక్కినావు?" అన్నాడు. పెట్టె అంతా ఒకటే నవ్వు! రత్న కూడా కిటికీ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

ఇంటికి పోతే మామ మగ్గం మీద ఉండాడు. పెండ్లి చీర! బుక్కపట్నం వాళ్లది. మీగడ రంగు పట్టు, ఎర్ర అంచు, ఇంగ కొంగు దగ్గర కొంచెమే మిగిలుండాది. పెండ్లి దగ్గరికొచ్చేసింది. "నేను ఇప్పుడు లేచేదానికి లేదప్పా, ఈడనే తిప్పు, చూస్తా" అన్నాడు.

మగ్గం పక్కనే స్టూలు వేసి ఇంజను పెట్టినా. నా తెలివి చూడండి! పొగ చీర మీదికి పోకూడదని పొగగొట్టాన్ని గోడ పక్కకు తిప్పినా. బ్యాటరీ తగిలించినా. లోపల రెండు చుక్కల పెట్రోలు వేసినా. పక్కనుండే చక్రానికి తాడు చుట్టి, బొంగరాన్ని లాగినట్ల ఒక్క లాగు లాగినా.

ఢాం!

పొగ గొట్టంలోంచి రాలేదప్పా. పెట్రోలు లోపలికి పోవాల్సిన దోవ ఉండాది చూడండి, ఆ దోవలోంచి మసి, నూనె, పెట్రోలు అన్నీ ఎగజిమ్మినాయి. ఆ దోవ ఏ పక్కకుండాది? సరిగ్గా మగ్గం పక్కకు!

నేను కండ్లు మూసుకున్నా. తెరిచేసరికి రత్న మగ్గానికి అడ్డంగా నిలబడి ఉండాది, రెండు చేతులూ చాపి. మొగమంతా మసి. కట్టుకున్న చీర నల్ల చుక్కల చీర. మగ్గం మీద మాత్రం ఒక్క మరక లేదు! అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి కూతుర్ని చూసి "అయ్యో, ఎవురే నువ్వు?" అనింది.

మామ లేచినాడు. అంచు చూసినాడు, కొంగు చూసినాడు, కూతురి మొగం చూసినాడు. అయిపోయింది నా పని అనుకున్నా. ఆయప్ప మెల్లగా, "కండ్లల్లో పడలేదు గదా తల్లీ?" అని రత్నను అడిగి, నా పక్కకు తిరిగి, "వాకిట్లో ఇంగోసారి తిప్పప్పా. ఇంత కష్టపడి చేసినావు" అన్నాడు. ఆ పొద్దు ఆయప్ప ఒక్క కసురు కసిరుంటే ఆ ఇంజను బుక్కపట్నం చెరువులో చేపలకు పోయుండేది.

వాకిట్లో పెట్టి లాగినా. దగ్గింది. మళ్లా లాగినా. ఉమ్మింది. చెయ్యి పడిపోయింది గానీ ఇంజను తిరగలేదు. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి, అందరూ మా వాకిట్లోనే! రత్న మొగం కడుక్కొని వచ్చి "ఇట్లియ్యి" అని తాడు తీసుకునింది. ఆయమ్మది ఎడమ చేతివాటం. నేను చుట్టినదానికి ఎదురుగా చుట్టి లాగింది.

టట్ టట్ టట్ టట్!

తిరిగిందప్పా! వెనక్కి తిరిగింది! పొగ చక్కగా పొగగొట్టంలోంచే వస్తాండాది. అప్పుడు బుర్రకు తట్టింది. పత్రికలో బొమ్మను చక్రం పక్కనుంచి చూసి గీసినారు. నేను అవతలి పక్కనుంచి చూసి బుడిపెలు రుద్దినా. అంతా తిరగేసిన క్యామ్‌షాఫ్టు! ముందుకు తిప్పితే ఊపిరి తీసుకోవాల్సినప్పుడు వదులుతాది, వదలాల్సినప్పుడు తీసుకుంటాది. వెనక్కి తిప్పితేనే సరిగ్గా ఉంటాది. "ఇంగోటి చేస్తాలే" అంటే, "తిరుగుతాండేదాన్ని కెలకొద్దు" అనింది రత్న. నల్ల చుక్కల చీర గురించి ఇంతవరకు ఒక్క మాటనలేదు. అట్లాంటి మనిషి దొరికినందుకు నేను ఎవురికి దండం పెట్టాలో చెప్పండి!

మర్నాడు పొద్దున నేను గోడ పక్కన పండ్లు తోముకుంటాండా. ఎదురింటాయన వచ్చి మామను అడుగుతాండాడు, "ఏం నాగప్పా, మీ అల్లుడూ ఇంజనూ వచ్చినారంట, ఎట్లుండాది సంగతి?"

మామ మగ్గం ఆపకుండానే చెప్పినాడు: "ఏముండాదప్పా. ముందుకు పొమ్మంటే దగ్గడం, ఉమ్మడం. మా రత్న చెయ్యి పడితేనే దోవకు రావడం."

ఇంజను సంగతే అయ్యుంటాదిలే అనుకొని, నోరు పుక్కిలించి లోపలికి వచ్చేసినా!