బాతు భుజాలు

ఈత పోటీలో బాతు కావాలనే అగ్గిపుల్లను నీళ్లలోకి తోసేసిందట. పైన నిలబడే చోటు తనకు దక్కలేదన్న కుళ్లుతోనట. సాయంత్రానికల్లా వీధంతా ఇదే మాట.

ఆ పిల్లను బాతు అని పిలిచేది నడక చూసి, జట్టులోని తోటి పిల్లను అగ్గిపుల్ల అనేది సన్నదనం చూసి. చిన్నప్పుడు ఈదితే ఆయాసం తగ్గుతుందని డాక్టరు చెబితే నాన్న తీసుకెళ్లి కొలనులో దింపాడు. ఆయాసం పోయింది, పిల్ల మాత్రం మళ్లీ గట్టెక్కలేదు. పాటకు తగ్గట్టు జట్టంతా ఒక్కలాగే కదిలే ఈతలో చేరింది. పైన నవ్వు ముఖాలు, కింద ఆగకుండా తన్నుకునే కాళ్లు. ముక్కుకు క్లిప్పు, జుట్టు చెదరకుండా జిలేటిన్ పూత. నీళ్లలో మునిగి, తన భుజాల మీద నిలబడ్డ అగ్గిపుల్లను పైకి ఎగరేయడం బాతు పని.

ఆ రోజు అగ్గిపుల్ల లేస్తూనే జారి వెల్లకిలా పడింది. పతకం పోయింది. "రేపు మాట్లాడదాం" అంది కోచ్ మేడం. జట్టులోంచి తీసేస్తుందని బాతుకు అర్థమైపోయింది.

ఇంటికి రాగానే అమ్మమ్మ ఎదురొచ్చింది.

"భుజం నొప్పి తగ్గిందా తల్లీ? రాత్రి నువ్వు నిద్రపోయాక నూనె రాశాలే. గోరువెచ్చగా చేసి మరీ!"

ఎలాగూ నీళ్లలోకేగా అని పొద్దున తను స్నానం ఎగ్గొట్టిన సంగతి బాతుకు గుర్తొచ్చింది.

"ఏమైందే, అలా చూస్తావు?"

"ఏం లేదు అమ్మమ్మా. తగ్గింది."

మర్నాడు కొలను గట్టున మేడం అడిగింది.

"ఎందుకు జారింది?"

"తప్పు నాదే మేడం."

"తప్పెవరిదని అడిగానా? ఎందుకు జారిందని అడిగాను."

అమ్మమ్మ పేరు బాతు ఎలా చెబుతుంది?

"నూనె మేడం!" అంది అగ్గిపుల్ల. "కాలు పెట్టగానే తెలిసింది. ఇంకాస్త ఉంటే అప్పడంలా వేగిపోయేదాన్ని."

జట్టంతా పగలబడి నవ్వింది. మేడం నవ్వు ఆపుకుంది.

"మరి కింద ఇంకొకరిని పెట్టనా?"

"అమ్మో, వద్దు. ఇంకెవరి మీద ఎక్కినా నాకు కాళ్లు వణుకుతాయి. దీనికి సబ్బు ఇప్పించండి చాలు."

బాతు జట్టులోనే ఉండిపోయింది. వీధిలో మాత్రం కుళ్లుతో తోసేసిందన్న మాట ఇంకొన్నాళ్లు తిరిగింది. నిజానికి పైన నిలబడమని మేడం మొదట అడిగింది బాతునే. ఎత్తంటే భయమని తనే వద్దంది.