పెద్దమ్మ చూసి విన్న సినిమా

మొన్న జగిత్యాల బస్టాండులో మా అమ్మాయిని హైదరాబాదు బస్సెక్కించాను. ఏసీ బస్సు, అద్దం తెరుచుకోదు. బస్సు కదిలే ముందు అమ్మాయి అద్దం వెనకనుంచి పెదవులాడిస్తూ ఏదో అన్నది. నేను అంతా అర్థమైనట్టు నవ్వి, తల ఊపి, చెయ్యి కూడా ఊపాను. గంట తర్వాత ఫోను చేసి "చార్జర్ నీ సంచిల ఉంది, ఇయ్యమ్మా అంటే తల ఊపుతవేంది?" అని దులిపేసింది. సంచిలో చూస్తే ఉన్నది. సిరిసిల్ల పెద్దమ్మ నా పక్కనుంటే ఈ పరువు పోయేది కాదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. సిరిసిల్లలో వాళ్ళింటి ముందు గది మనుషులకు, వెనక రేకుల షెడ్డు నాలుగు సాంచెలకు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. నిజానికి ఇల్లంతా వాటిదే, మనుషులు ఏదో సర్దుకుని ఉండేవారు. ఆ నాలుగూ నడుస్తున్నప్పుడు చెవిలో అరిచినా వినబడదు కాబట్టి, పెద్దమ్మ, ఆమె భర్త పెద్దబాపు నలభై ఏళ్ళూ ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ కాపురం చేశారు. షెడ్డుకు ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడి చప్పుడు లేకుండా తిట్టుకునేవారు, చప్పుడు లేకుండానే కలిసిపోయేవారు. ఆ విద్యను చుట్టాల మీద కూడా ప్రయోగించేవారు. మా అమ్మకు నవ్వుతూ చాయ్ అందిస్తూనే పెద్దబాపు పెదవులతో "ఈమె ఎప్పుడు పోతదట?" అని అడిగిన సంగతి పెద్దమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. అమ్మకు నేనింకా చెప్పలేదు. ఇక కరెంటు పోయి సాంచెలు ఆగినప్పుడు మాత్రం ఇద్దరికీ గొంతు తగ్గించడం చేతనయ్యేది కాదు. పెద్దమ్మ గుసగుసలాడితే గల్లీ చివరి ఇంటివాళ్ళు జవాబు చెప్పేవారు.

పెద్దబాపు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆఖరి రోజు ఆస్పత్రిలో ముక్కూ నోరూ కప్పేసేలా ఆక్సిజన్ మాస్కు పెట్టారు. దాని లోపల ఆవిరి పట్టింది. ఆ ఆవిరి వెనక ఆయన పెద్దమ్మను చూస్తూ ఏదో అన్నాడు. "జర తియ్యమంటే నర్సమ్మ తియ్యలే బిడ్డా. తీస్తే పానం పోతదన్నది. తియ్యకున్నా పాయె. నలభై ఏండ్లు సూసిన మూతి, ఆఖరికి ఏమన్నదో సూడకపోతి" అని పెద్దమ్మ ఏడ్చేది. మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆయనకిష్టమైన మటనూ కల్లూ విస్తరి దగ్గర పెట్టి మేము వెనక్కి జరగకముందే కాకి దిగి ముట్టేసింది. పోయినాయనకు ఏ కోరికా మిగల్లేదని చుట్టాలంతా ఊపిరి పీల్చుకున్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కాకికేం ఎరుక? దానికి ఆకలైంది, తిన్నది" అన్నది. ఎవరొచ్చినా ఆయన ఏమని ఉంటాడని అడిగేది. దేవుణ్ణి తలచుకుని ఉంటాడని ఎవరో అంటే, "గాయన దేవున్ని తలుసుడా? మీరు వేరే మనిషి గురించి మాట్లాడుతున్నరు" అని కొట్టిపారేసింది. ఆర్నెల్లయినా కంచంలో అన్నం కదిలేది కాదు. మనిషి సగమైంది.

అప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్ళం. నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకుందామని తీసుకొచ్చాను. మా ఆయన గోడ మీద పోస్టరులో తెల్ల పంచె కట్టుకున్న మనిషినీ పక్కన దీపాన్నీ చూసి, భక్తి సినిమా, పెద్దమ్మకు మనశ్శాంతిగా ఉంటుందని మ్యాట్నీకి టికెట్లు తెచ్చాడు. తీరా చూస్తే అందులో ఆ పంచె మనిషి మొదట్లోనే చచ్చిపోతాడు. పోయి కూడా ఇంట్లోనే నిలబడి భార్యను చూస్తుంటాడు. ఏళ్ళు గడుస్తుంటాయి, గోడ మీద క్యాలెండర్లు మారుతుంటాయి, ఇంకేమీ జరగదు. నేను మా ఆయన వైపు కొరకొరా చూశాను. ఆయన తెరను వదలకుండా భక్తిగా చూస్తున్నాడు. పెద్దమ్మ మాత్రం ఊరుకుంటుందా! "పోయినోడు గట్ల ఎన్నేండ్లు నిలవడ్తడే? కూసోమనుండ్రి" అన్నది. తెర మీది భార్య ఒక దుప్పటిని చాలాసేపు మడతపెట్టింది. "గింతసేపట్ల నేనైతే ఒక సాంచె బట్ట దించుదును" అన్నది. వెనక సీటాయన "అమ్మా, జర మెల్లగ మాట్లాడు" అంటే, "మెల్లగనే మాట్లాడుతున్న గద నాయనా" అని నొచ్చుకున్నది.

ఇంతలో ఆ పోయిన భర్త భార్య దగ్గరకొచ్చి పెదవులు కదిపాడు. మాట వినబడలేదు. అది దర్శకుడు ఎంతో తపస్సు చేసి దాచిపెట్టిన రహస్యమని మనకర్థమవుతుంది గానీ, ముందు వరుసలోవాళ్ళు "సౌండ్ పెట్టుండ్రా!" అని ఈలలు వేశారు. "సౌండెందుకు? గ్యాస్ బంద్ చేసినవా అని అడుగుతుండు" అన్నది పెద్దమ్మ. హాలంతా నవ్వింది. రెండోసారి అతను పెదవులు కదిపినప్పుడు ఎవరూ ఈల వెయ్యలేదు. "గిప్పుడేమన్నడమ్మా?" అని వెనక సీటాయనే వినయంగా అడిగాడు. "వానొచ్చెటట్టుంది, బట్టలు తియ్యమన్నడు." ఆ తర్వాత సినిమా అంతా పెద్దమ్మే నడిపింది.

చివరికి ఆ భర్త ఈ లోకం విడిచి వెళ్ళే ఘడియ వచ్చింది. గడప దగ్గర ఆగి, మనకు వీపు పెట్టి, భార్యతో ఏదో అన్నాడు. మొహం కనబడదు. హాల్లో ఉన్న పది పన్నెండు మందీ పెద్దమ్మ వైపు తిరిగారు. మళ్ళీ ఆ ఆస్పత్రి మంచం దగ్గరికే లాక్కొచ్చామే అని, లేపుకుపోదామని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు పెద్దమ్మ, నేనెరిగినంతలో మొదటిసారి, నిజంగా మెల్లగా అన్నది: "ఏమంటడు? గదే. గ్యాస్ బంద్ చేసినవా అనే. దినాం గదే అన్నోడు, పోయేనాడు కొత్త మాట యాడికెల్లి తెస్తడు?"

బయటికొచ్చి ఎండలో నిలబడి బోరున ఏడ్చింది. ముక్కు చీదుకుని నవ్వింది. సాంచెకు కావలసిన నూలు కండెలు చుట్టడం ఆ ఇంట్లో ఆమె పని. "మీ పెద్దబాపు పొద్దుగాల కండ్లు తెరవంగనే 'కండెలు సుట్టినవా' అనేటోడు. నలభై ఏండ్లు, ఒక్క దినం తప్పలే. గా దినం గూడ గదే అన్నడు బిడ్డా. నేను పెద్ద మాటేదో అనుకొని ఆర్నెల్లు సచ్చిన" అన్నది. ఆయన నిజంగా అదే అన్నాడో లేదో నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ పూట మా ఇంట్లో పెద్దమ్మ మారు అన్నం పెట్టించుకుని తిన్నది. నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ సాంచెలు అమ్మేసి కూడా చాలా ఏళ్ళయింది. షెడ్డులో ఇప్పుడు మనవల బైకులు పెడుతున్నారు. పెద్దమ్మ మాత్రం ఈనాటికీ పొద్దున లేవగానే మంచం మీద కూర్చుని, "సుట్టిన, సుట్టిన" అని విసుక్కుని, ఆ తర్వాతే మొహం కడుక్కుంటుంది. ఏళ్ళు గడిచిపోతున్నాయని మనం అనుకుంటాం గానీ, ఆ ఇంట్లో కాలం ప్రతి పొద్దునా ఆమె జవాబు చెప్పేదాకా ఆగి, అప్పుడు ముందుకు కదులుతుంది.