పుల్లమ్మ సాక్ష్యం

మార్టూరు పక్క పల్లెలో మిరపకాయలు కోయడంలో పుల్లమ్మను మించిన చెయ్యి లేదు. మొగుడు పోయాక ఆ కూలితోనే కొడుకు ఏసుబాబును పెంచింది. వాడు గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పట్టే పనికి కుదిరాడు. ఇరవై రెండో ఏట మిషను మోతలో వాడికి మాటలు వినపడటం మొదలైంది. ఎవరో తనను చంపాలని చూస్తున్నారంటూ అన్నం ముట్టేవాడు కాదు. పాస్టరుగారు ప్రార్థన చేసి, "డాక్టరుకు కూడా చూపించమ్మా" అన్నారు. గుంటూరులో మాత్రలు రాశారు. ఏడాది తిరక్కుండానే పిల్లవాడు మళ్లీ మనిషయ్యాడు.

మనిషి కాగానే పెళ్లి మాటలొచ్చాయి. పిల్ల తరఫువాళ్లు వస్తున్న రోజు పొద్దున్నే పుల్లమ్మ డాక్టరు చీటీలన్నీ పొయ్యిలో పెట్టింది. "ఇంక మాత్రలెందుకురా, బాగానే ఉన్నావుగా. కొత్త పెళ్లాం చూస్తే ఏమనుకుంటది?" అంది. పిల్ల మేనమామ గుచ్చి అడిగితే, "దేవుని సాక్షిగా ఏ జబ్బూ లేదు" అని చర్చి గుమ్మంలో నిలబడి చెప్పింది.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. మనవరాలు స్తుతి పుట్టింది. ఆ చలికాలంలో ఏసుబాబు మళ్లీ నిద్ర మానేశాడు. పుల్లమ్మకు అర్థమైంది. కోడలికి ఏమని చెప్పాలో తోచక, కోతలయ్యాక గుంటూరు తీసుకెళదాంలే అనుకుంది. కోతలు అవకముందే, ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో మేస్త్రీ యలమందయ్య "ఏరా, తిన్నావా?" అంటూ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏసుబాబు రాళ్లు జరిపే గడ్డపారతో కొట్టాడు. మేస్త్రీ అక్కడికక్కడే పోయాడు. వాడు గడ్డపారను పక్కనున్న క్వారీ గుంట నీళ్లలో పడేసి పత్తిచేలో దాక్కున్నాడు.

ఆ దాక్కోవడమే కొంప ముంచింది. ఏసుబాబు తరఫున వాదించడానికి సర్కారు కుదిర్చిన లాయరమ్మ జ్యోతిర్మయి విడమరిచి చెప్పింది. "చేసేది తప్పని తెలియనంతగా మతి చెడినవాడికి శిక్ష లేదు పుల్లమ్మా. కానీ రుజువు మనమే చూపించాలి. కాగితాలేవి?"

"కాల్చేశానమ్మా."

గుంటూరు డాక్టరు చనిపోయి మూడేళ్లయింది. అరెస్టయిన పది నెలలకు వాణ్ణి చూసిన ప్రభుత్వ డాక్టరు, జబ్బుందిగానీ ఆ రోజు ఎలా ఉన్నాడో చెప్పలేనన్నాడు. ఇక మిగిలింది తల్లి నోటి మాట. బోనెక్కిన పుల్లమ్మను సర్కారు వకీలు అడిగాడు.

"ఏ జబ్బూ లేదని పెళ్లి మాటలప్పుడు ప్రమాణం చేశావా?"

"చేశానయ్యా."

"అప్పటిది అబద్ధమా, ఇప్పటిది అబద్ధమా?"

"అప్పటిదేనయ్యా."

"అంటే దేవుడి పేరు మీద కూడా అబద్ధమాడతావన్నమాట."

బయట వరండాలో యలమందయ్య భార్య వెంకటేశ్వరమ్మ ఎదురొచ్చింది. తిట్టలేదు. "నీకు ముందే తెలుసా? తెలిసే పనికి పంపావా?" అని మాత్రం అడిగింది. తప్పు చేసి దాక్కున్నాడంటే తప్పని తెలుసన్నట్టేనని కోర్టు యావజ్జీవం వేసింది. తల్లిని శిక్షించే సెక్షను ఏదీ లేకపోయింది.

జైల్లో డాక్టరు మాత్రలు పెట్టాడు. నెలన్నరకు ఏసుబాబు కళ్లు తేటపడ్డాయి. చేసిందంతా గుర్తొచ్చింది. ములాఖత్‌కు వెళ్లిన పుల్లమ్మ జాలీ పట్టుకుని, "హైకోర్టుకు పోదాంరా. జబ్బుతో చేశావని లాయరమ్మ గట్టిగా చెప్తానంది" అంది.

"వద్దమ్మా."

"ఎందుకురా?"

"కోపంలో చంపాడంటే నాలుగేళ్లకు జనం మరిచిపోతారు. పిచ్చోడని కోర్టే రాస్తే, రక్తంలోనే ఉందంటారు. రేపు స్తుతిని ఎవడు చేసుకుంటాడు? నీకు తెలియందేముంది?"

వాడు అప్పీలు కాగితాల మీద సంతకం పెట్టలేదు. గడువు దాటిపోయింది.

ఆమె ఇప్పుడూ కోతలకు వెళుతోంది. ముఠాలో ఎవరైనా కొత్తవాళ్లు, మీవాడు అంత పని ఎందుకు చేశాడని అడిగితే, తలెత్తకుండా కాయలు తెంపుతూనే, "వాడికి కోపమెక్కువ" అంటుంది.