మోతికి జాగ

గోడల మీది తెలంగాణ ఉద్యమం రాతలు ఇంకా చెరగని ఆ రోజుల్లో, జనగామలో కుక్కను గొలుసు పట్టి నడిపించే ఆడమనిషి ఊర్మిళమ్మ ఒక్కతే. మోతి ఆమె భర్త జగపతిరావు పెంచిన కుక్క. ఆయన జనగామ నుంచి చిల్పూరు పొలాలకు పోయినప్పుడల్లా వెంట తిరిగింది. ఆయన పోయాక జనగామ ఇంట్లోనే కట్టేస్తే తిండి మానేసింది. అందుకే తెల్లవారగానే ఆమె కొంగు నడుముకు బిగించి, దాన్ని తిప్పే జాగ కోసం బయల్దేరేది. ప్రతి గల్లీలో కుక్కలు మీదికొచ్చేవి. కాలేజీ మైదానంలో ఆటగాళ్లు కసిరారు. మార్కెట్ యార్డులో మోతి ఒక రైతు పల్లికాయ కుప్ప మీద కాలెత్తింది. ఆ రైతుకు తప్పయిందని చెప్పి ఆమె ఇంకో దారి పట్టింది గాని ఇంటికి మళ్లలేదు.

ఒకరోజు ఊరి చివర విశాలమైన ఖాళీ జాగ కనబడింది. కాటికాపరి పెద్దులు ఎదురొచ్చాడు.

"ఆడోళ్లు శ్మశానంలకు రారు, దొరసానీ."

"నాకు తెల్వదా? ఊర్ల కుక్కను తిప్పే జాగ ఇంకోటి చూపియ్యి, గాడికే పోత."

పెద్దులు పక్కకు జరిగాడు. ఆ తర్వాత ఆమె రోజూ వచ్చింది. ఒక పొద్దున ఆమె అడక్కుండానే అతను తుమ్మచెట్టు అవతలి నల్లటి నేల చూపించి, "దొరను గాడనే కాలవెట్టినం" అన్నాడు. ఆయనను మోసుకుపోయిన రోజు ఆమెను గడప దగ్గరే ఆపేశారు. ఊర్మిళమ్మ గొలుసు విప్పింది. మోతి సీతాకోకచిలుక వెంట ఎటో ఉరికింది. ఆమె తుమ్మచెట్టు దిక్కు నడిచింది.