గుహకు పంపిన బియ్యం

వానాకాలంలో గుహలోకి పోతామంటే ఎవరైనా మతి ఉందా అంటారు. మాకు మాత్రం పోతే అప్పుడే పోవాలి. ఎండాకాలమంతా ఇప్పపువ్వు, తునికాకు. చలికాలం కోతలు. నాట్లు అయిపోయి కలుపు మొదలయ్యేలోపే నా స్నేహితురాలికి నడుము నిలబెట్టే తీరిక దొరుకుతుంది. ఆ తీరికలోనే వాన కూడా కురుస్తుంది, ఏం చేస్తాం.

ఆమె దోర్ల ఆదివాసీల పిల్ల. పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య గొడవల్లో ఊళ్ళు ఖాళీ అయిన ఏళ్ళలో వాళ్ళ ఇంటివాళ్ళు ఎర్రబోరులో, రోడ్డు పక్క శిబిరంలో ఉన్నారు. మా ఇల్లు ఆ వెనకే. ఇద్దరిదీ ఒకే ఈడు. సాయంత్రాలు వాళ్ళ ఊరున్న భేజ్జి దిక్కు చెయ్యి చూపించి, మా గుట్టలో గుహ ఉంది, లోపల రాళ్ళు పైనుంచి పాలు కారి గడ్డకట్టినట్టు తెల్లగా వేలాడుతుంటాయట అని చెప్పేది. ఆమె కూడా చూసింది కాదు, వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట. అప్పుడు గుట్టల వైపు ఎవరినీ పోనిచ్చేవాళ్ళు కాదు. ఎప్పటికైనా ఇద్దరం కలిసే పోవాలి, ఒకరిని విడిచి ఒకరు పోకూడదు అని ఒట్టేసుకున్నాం. తర్వాత వాళ్ళు ఊరికి తిరిగిపోయారు. ఆమె ఆ ఊళ్ళోనే మేనబావను చేసుకుంది, నేను ఇక్కడే బట్టలు కుట్టుకుంటూ ఉండిపోయాను. ఒట్టు మాత్రం నాకు నిన్నగాక మొన్న వేసినట్టే ఉండేది.

ఈ ఏడు గట్టిగా అనుకున్నాం. పాకాల్సిన చోట రాయి గీసుకోకుండా పాత జీన్స్ ప్యాంట్లు కత్తిరించి ఇద్దరికీ మోకాళ్ళ మెత్తలు కుట్టాను. టార్చిలు తడవకుండా ప్లాస్టిక్ సంచులు కుట్టాను. ఆమె సిగ్నల్ దొరికే దిబ్బ ఎక్కి రోజూ కబురు చెప్పేది. ఇయ్యాల వాగు దాటనిస్తలేదు. ఇయ్యాల గుహ మూతి కాడ నీళ్ళు తగ్గినయ్. మా ఆయన నవ్వేవాడు. "ఫాల్ కుట్టాల్సిన చీరలు గుట్టలెక్క పడి ఉన్నయ్, ముందు అందులకు పోయి రా" అనేవాడు. వాన పడితే వచ్చే ఆయాసంతో మిషన్ తొక్కుతూ కూడా నేను ఆ గుహలోనే ఉండేదాన్ని.

ఆమె ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. గుహలోకి పోయేవాళ్ళు ఎవరింటి బియ్యం వాళ్ళు ఆకులో కట్టి పూజారికి ఇవ్వాలి. ఆయన కళ్ళు మూసుకుని చిటికెడు తీసి, గింజల్ని జతలు జతలుగా పేరుస్తాడు. అన్నీ జతపడితే దేవుడు ఒప్పుకున్నట్టు. ఒక గింజ ఒంటరిగా మిగిలిందా, ఆ మనిషి ఆ ఏడు లోపలికి పోకూడదు. నేను వారపు అంగడిలో ఆమె చేతికి నా ఆకు ఇచ్చాను. రాళ్ళు, నూకలు ఏరి, మంచి గింజలే కట్టాను. మోకాళ్ళ మెత్తలు, సంచులు కూడా ఇచ్చేశాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "నీ బియ్యం జతపడలేదే" అంది. గొంతు కూడా తగ్గించింది పాపం. "మల్ల ఏడు చూద్దాం. నువ్వు లేకుంట నేను పోత్తనా ఏంది?" నేను ఏడ్చాను. దేవుడి మీద కోపం రాలేదు, నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఆ వారం నుంచి శనివారాలు ఉపవాసం పట్టాను కూడా.

తర్వాతి అంగడికి వాన పడుతూనే ఉంది. తాటిపత్రి పట్టా కింద మిషన్ పెట్టుకుని కూర్చుంటే ఆ పూజారి తాత తెగిన సంచి పట్టుకుని వచ్చాడు. మేమిద్దరం పోవాలనుకున్న సంగతి ఆయనకూ తెలుసు, కుడుతుంటే అడిగాడు.

"నువ్వెందుకు రాలేదు బిడ్డా? వానకు భయపడ్డవా?"

"నా బియ్యం ఒప్పలేదంట కదా తాతా."

"నీ బియ్యం నాకాడికి ఎక్కడ వచ్చినయ్? మూడు ఆకులే వచ్చినయ్. ఆ పిల్లది, దాని మరిదిది, తోటికోడలిది. మూడూ జతపడ్డయ్, పోయి చూసొచ్చిన్రు. మరిదోళ్ళు నగర్‌నార్ ఫ్యాక్టరీ నుంచి అందుకోసమే వచ్చిన్రంట గద."

సూది ఆగిపోయింది. మోకాళ్ళ మెత్తలు ఎవరు కట్టుకున్నారో ఇక అడగక్కర్లేదు. నా మొహం చూసి తాతకు అర్థమైనట్టుంది. "బుధవారం మా ఊరికి బియ్యం పట్టుకొని రా, నేనే చూస్త" అని సంచి తీసుకుని పోయాడు.

పై వారం ఆమె మామూలుగానే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను తిట్టాను. నాకు వచ్చిన భాషలన్నిట్లో తిట్టాను. నా బియ్యం ఏం చేశావే అంటే తల వంచుకుని, "వండిన" అంది. ఆ మాటకు నవ్వు రావాలి, నాకు కడుపు మండిపోయింది.

"మరిదోళ్ళు వచ్చిన్రు, వాళ్ళకు ఒక్కరోజే సెలవు. నీకేమో ఆయాసం. తడిల, చీకట్ల మధ్యన కూలబడితే ఎవరు మోయాలె నిన్ను?"

"ఆ మాట నాతోనే అనకపోయినవా?"

"అంటే వింటవా? నేను వద్దంటే నువ్వు ముందు నడుస్తవ్. దేవుడు వద్దన్నడంటేనే కదా కూసుంటవ్."

అది నిజం. శిబిరం రోజుల నుంచీ నన్ను చూసిన మనిషి. నా మీద ఏ మాట పని చేస్తుందో దానికి బాగా తెలుసు. ఆ తెలిసినదాన్నే నా మీద వాడింది.

బుధవారాలు వస్తున్నాయి, పోతున్నాయి. తాత రెండుసార్లు కబురు పంపాడు. నేను పోలేదు. ఆ గుహ ఎక్కడికీ పోదు, ఒంటరిగానైనా పోయి చూడగలను. కానీ ఇప్పుడు తాత నా కళ్ళ ముందే గింజలు పేర్చినా, అన్నీ జతపడినా, దేవుడు ఒప్పుకున్నాడని నేను నమ్మలేను.