మాయమ్మ కూతురు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ చెన్నైలో నా దగ్గరే ఉండిపోతుందని గట్టిగా నమ్మాను. షోళింగనల్లూరులో మా ఫ్లాటుకి లిఫ్టు ఉంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంటికే వస్తుంది. నాన్న పోయాక అనంతపురం వైపు మాకు మిగిలింది ఒక అద్దె ఇల్లు, దాన్నీ ఖాళీ చేసేశాం. ఇక అమ్మ నాదే అనుకున్నాను. నలభైకి దగ్గరపడుతున్న మనిషి ఇట్లా అనుకోవడం నవ్వులాటగా ఉండొచ్చు. కానీ చిన్నప్పుడు అమ్మ నాకు దక్కలేదు.

అమ్మ ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేది. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే వలస అన్నట్టుండే మెట్ట పల్లెలు ఆమెవి. ఆడవాళ్ళని కూడగట్టి సంఘాలు పెట్టించేది. చేలకు గట్లు వేయించేది, వాన నీళ్ళు నిలవడానికి కుంటలు తవ్వించేది. మొగుడు పోయిన ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళి, పించను మంజూరయ్యేదాకా అక్కడి బల్ల మీద నుంచి లేచేది కాదు. మొదటి బస్సుకు వెళ్తే చీకటిపడ్డాక వచ్చేది. నన్ను పెంచింది బడిపంతులైన మా నాన్నే. ఆయన వేసిన జడ నేను బడికి చేరేలోపే ఊడిపోయేది. పల్లెల్లో ఎవరి బిడ్డకైనా జబ్బు చేస్తే అమ్మ పట్నం ఆస్పత్రికి తెచ్చి, రాత్రికి మా ఇంట్లోనే పడుకోబెట్టేది. నా చాప, నా దుప్పటి వాళ్ళకి వెళ్ళేవి. ఆ పిల్లల తల మీద అమ్మ చెయ్యి ఉండేది. నేను నాన్న పక్కన పడుకుని అది చూస్తూ ఉండేదాన్ని.

ఆ పల్లెల ఆడవాళ్ళు ఇప్పుడు రైతుల కంపెనీ ఒకటి పెట్టుకున్నారు. కొర్రలు, అండుకొర్రలు, గానుగ నూనె అమ్ముతారు. ఒకరోజు సాయంత్రం నేను ఆఫీసు క్యాబ్ దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ హుషారుగా ఉంది.

"మైలాపూరులో ఒక బడి ఆవరణలో చిరుధాన్యాల సంత పెడతాన్నారంట. మనోళ్ళు స్టాలు తీసుకున్యారు. సంత అయ్యేదాకా మనింట్లోనే ఉంటారు" అంది.

మనోళ్ళు అన్న మాట నాకు గుచ్చుకుంది.

"మైలాపూరు ఈడికి దూరం మా. ఆడనే లాడ్జిలో రూము తీసిస్తాలే. డబ్బులు నేనిస్తా" అన్నాను.

"డబ్బులు లేక కాదు వాళ్ళు మనింటికి వచ్చేది" అని అమ్మ నెమ్మదిగా అని, కర్ర పట్టుకుని లేచి వెళ్ళి, దుప్పట్లు ఉన్న అలమారు తెరిచింది.

ముగ్గురు వచ్చారు. ఇద్దరు పెద్దవాళ్ళు. మూడో ఆమె కంపెనీకి ప్రెసిడెంటు, నాకంటే ఒక ఏడాది పెద్దది. అయినా గౌరవంగా నన్ను అక్కా అంది. మా అమ్మను మాత్రం అమ్మా అనే పిలిచింది. మేడమ్ కాదు, టీచరమ్మ కాదు. కన్నతల్లిని పిలిచినట్టు, చివరి అక్షరం సాగదీసి. వచ్చిన గంటలోపే నేల మీద కూర్చుని, అమ్మ మోకాలి చుట్టూ ఆముదం రాయడం మొదలుపెట్టింది. నేను ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేసి, అట్లా రాయొచ్చా అని అడిగాను. కుట్లు మానిపోయాయి కదా, ఫరవాలేదు అంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఆ రాత్రి వంట వాళ్ళే చేశారు. సంగటి, చెనిక్కాయల పచ్చడి. అమ్మ ఆవురావురుమని తింది. నా వంటని ఎన్నడూ అట్లా తినలేదు.

"పచ్చిమిరక్కాయ ఏస్తే అమ్మకు కడుపులో మంట గదక్కా. అందుకే ఎండుమిరక్కాయలు ఏసినా" అంది ప్రెసిడెంటు.

నేను అమ్మ వంక చూశాను. ఆపరేషన్ అయిన నాటి నుంచి నేను రోజూ పచ్చిమిరపకాయలతోనే పప్పు చేస్తున్నాను. అమ్మ తింటూనే ఉంది, ఒక్క మాటా అనలేదు.

"నాకు చెప్పొచ్చు గదా మా."

"ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తావు. నీకెందుకులే అని" అంది అమ్మ.

వాళ్ళకి చెప్పుకోగలిగింది, నాకు చెప్పుకోలేకపోయింది. గిన్నెలు నేనే కడుగుతానని సింకు దగ్గర నిలబడ్డాను. గదిలోంచి అమ్మ నవ్వు వినపడుతుంటే కొళాయి ఇంకా పెద్దగా తిప్పాను.

మర్నాడు పొద్దున ప్రెసిడెంటు బాల్కనీలో నిలబడి, రోడ్డు అవతల ఉన్న అద్దాల ఆఫీసుల్ని చూస్తోంది. నేను కాఫీ తెచ్చిచ్చాను.

"అవి లేచేటప్పుడు మేం ఈడనే ఉంటిమక్కా. నాయన, తమ్ముడు, నేను. ఇసక మోసినాం. రేకుల షెడ్డులో ఉంటిమి. కన్నతల్లి నా చిన్నప్పుడే పోయె."

"మరి ఊరికి ఎప్పుడు పోయినారు?"

"ఆ ఏడు మా ఊరికి కుంటల పని వచ్చింది. ఎవురి చేన్లో వాళ్ళు తవ్వుకుంటే కూలి ఇస్తారు. చేను గలోళ్ళు ఊర్లో లేకుంటే ఆ కుంట ఇంకొకరికి పోతాది. నాయనకు సదువు రాదు, మాకు ఫోను లేదు. అమ్మ మమ్మల్ని ఎతుక్కుంటా ఈడికే వచ్చేసింది. మార్చి నెల, ఎండలు ముదర్తాండె. కుంట తవ్వినాం, గట్టు మీద మామిడి చెట్లు పెట్టినాం, సంఘం నుంచి గొర్రెలు ఇప్పించింది. మళ్ళా మేం ఊరు ఇడిసిపెట్టలేదు."

ఆ మార్చి నాకు బాగా గుర్తుంది. నా పదో తరగతి పరీక్షలు. మీటింగుందని చెప్పి అమ్మ ఊళ్ళో లేకుండా పోయింది. తోటి పిల్లల తల్లులు పరీక్ష హాలు బయట మజ్జిగ సీసాలు పట్టుకుని నిలబడితే, నేను నాన్నతో నడిచి ఇంటికి వచ్చాను. ఆ మీటింగు ఇదన్నమాట. ఇప్పుడు నేను రోజూ లాప్‌టాప్ బ్యాగు వేసుకుని తిరిగే ఈ రోడ్డులో, అమ్మ ఇంకొకరి కూతురిని వెతుక్కుంటూ తిరిగింది.

తల్లిలేని మనిషి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం తప్పని నాకు తెలుసు. అయినా మంట ఆగలేదు.

శనివారం మైలాపూరు వెళ్ళాను. స్టాలు మధ్యలో కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టారు. అమ్మ తనకొచ్చిన నాలుగు తమిళ ముక్కలతో కొర్రన్నం ఎట్లా వండాలో కొనడానికొచ్చిన ఒక మామికి చెబుతోంది. నన్ను చూసి ప్రెసిడెంటు గర్వంగా ఆ మామితో, "ఈమె మాయమ్మ కూతురు" అంది.

మామికి తెలుగు సగమే అర్థమైంది. "రెండు పేరుం అక్కా తంగచ్చియా?" అని అడిగింది, మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళా అని.

ప్రెసిడెంటు తలూపబోతుంటే నేను, "ఇల్లై" అన్నాను, కాదని.

మామి పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. ప్రెసిడెంటు ముఖం చిన్నబోయింది. అమ్మ వినలేదు, వేరే వాళ్ళతో మాటల్లో ఉంది. ఇక నేను ఆగలేకపోయాను. ప్రెసిడెంటును స్టాలు వెనక బస్తాల దగ్గరికి పిలిచి అడిగేశాను.

"ఆమె నా తల్లి. నువ్వు మాయమ్మ, మాయమ్మ అంటాంటే నాకు ఎట్లుంటాదో తెలుసునా? నువ్వు చెప్పిన మార్చిలోనే నాకు పరీక్షలు. నన్ను ఇడిసిపెట్టి మీకోసం వచ్చింది."

ఆమె బస్తా మూతి కట్టి, దాని మీద కూర్చుంది.

"తెలుసుక్కా. ఆ పొద్దు ఇసక కుప్ప మీద కూసోని ఏడ్సింది. నా బిడ్డకు రేపు లెక్కల పరీక్ష, నేను ఈడుండా, బిరీన మూటలు కట్టండి అని మా నాయన మింద అరిసింది. బస్సులో ఊరొచ్చేదాకా నీ గురించే చెప్పె. నాకు నీ మింద ఎంత కుళ్ళో నీకేం తెలుసు? ఈమె మమ్మల్ని ఊర్లో దింపి ఆ పిల్లకాడికే పోతాది గదా అనుకుంటి."

ఆ మాటతో నా మనసు చల్లబడి ఉండాల్సింది. చల్లబడలేదు. అమ్మ నాకోసం ఏడ్చింది నిజమే, కానీ ఆ ఏడుపు చూసింది ఈమె. నేనెన్నడూ చూడలేదు. నాకు రావలసిన కన్నీళ్ళు కూడా ఈమె కళ్ళ ముందే రాలిపోయాయి. అయితే నా మీద ఒకరు ఇన్నేళ్ళుగా అసూయ పడుతున్నారని తెలిసి, సిగ్గులేకుండా, కొంచెం సంతోషం కూడా కలిగింది. ఆమె లేచి, "నూనె డబ్బాలు పట్టుకురాక్కా, ముందర అయిపోయినట్లుండాయి" అంది. పట్టుకెళ్ళాను.

సంత ముగిసిన రాత్రి భోజనాల దగ్గర అమ్మ చెప్పింది. పక్క మండలంలో కొత్తగా సంఘాలు కడుతున్నారట. కుంటలకు డబ్బు వచ్చిందట, కానీ అక్కడి ఆడవాళ్ళు ముందుకు రావడం లేదట. తను వెళ్ళి కూర్చుని మాట్లాడితే బాగుంటుందట.

"మోకాలు?"

"మంచం మింద కూసోబెట్టి మాట్లాడిచ్చుకుంటారులే."

"నాకోసం ఎప్పుడైనా ఇట్ల బయల్దేరినావా మా?"

పెద్దవాళ్ళిద్దరూ తలలు వంచుకుని తింటున్నారు. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీకు నాయన ఉండె. మూడు పూటలా అన్నముండె. నీకేం కాదని నాకు ధైర్యం. వాళ్ళ మింద ఆ ధైర్యం లేకపోయె. నీకు తక్కువ చేసినా, కాదన్లేదు" అంది.

న్యాయమైన జవాబే. కానీ న్యాయమైన జవాబులకి లొంగేది అయితే అది ఈర్ష్య ఎందుకవుతుంది? నేను లేచి, అమ్మ మందులు పూటకొకటిగా విడదీసి డబ్బాలో సర్దాను. ఆ డబ్బా ప్రెసిడెంటు చేతికి ఇవ్వాల్సి వచ్చింది. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో ఆమెకి రెండుసార్లు చెప్పాను. మొదటిసారికే ఆమెకి అర్థమైంది.

అమ్మ వెళ్ళింది. ఆ వేసవిలో ఒకసారి నేనూ వెళ్ళాను. ప్రెసిడెంటు వాళ్ళ కుంటలో అడుగున కాసిని నీళ్ళున్నాయి. చుట్టూ మామిళ్ళు కాశాయి. వాళ్ళ నాయన వరండాలో కూర్చుని, పించను ఈ నెల తొందరగా వచ్చిందని ఎదురైన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. అమ్మ పక్క ఊరి ఆడవాళ్ళ నడుమ నులకమంచం మీద కూర్చుని ఉంది. ఆ నల్లబడ్డ ముఖంలో అంత వెలుగు మా ఫ్లాటులో ఎప్పుడూ చూడలేదు. బాగుందని నోటితో అన్నాను. కడుపులో మాత్రం పాత మంటే.

ఇప్పుడు అమ్మ కొన్ని నెలలు ఇక్కడ, కొన్ని నెలలు అక్కడ. వెళ్ళేటప్పుడు టికెట్ నేనే తీస్తాను. పోను టికెట్ తీసిన చేత్తోనే రాను టికెట్ కూడా తీసేస్తాను. అమ్మ దాన్ని చూసి నవ్వుతుంది. "కట్టేసే తాడు ముందే పేనినావే" అంటుంది.

నేను కాదనను.